వందలో ఎన్ని చదివారు? పుస్తకాల జాబితాలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ‘నచ్చిన వంద పుస్తకాలు’, ‘తప్పక చదవాల్సిన పుస్తకాలు’ వంటి జాబితాల గురించే. చదివినవాటికి టిక్కు పెట్టుకుని, వచ్చిన అంకె చూసి కొందరు దిగులుపడ్డారు, కొందరు మురిసిపోయారు. ఆ అంకె దేన్ని కొలుస్తుందో తెలియకుండా ఈ రెండూ తొందరపాటే. అందుకే ఈ సంచిక శీర్షికను పూర్తిగా ఈ విషయానికే ఇస్తున్నాం.

ప్రశ్న: వాట్సాప్‌లో వంద ఇంగ్లిష్ పుస్తకాల జాబితా ఒకటి తిరుగుతోంది. ‘చాలామంది వీటిలో ఆరింటికి మించి చదివి ఉండరని బీబీసీ అంచనా’ అని పైన రాసి ఉంది. నావి పదకొండు తేలాయి. సంతోషించవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: పదకొండు పుస్తకాలు చదివినందుకు సంతోషించండి. ఆరు దాటినందుకు మాత్రం అక్కర్లేదు, ఎందుకంటే ఆ ఆరుకు ఆధారం లేదు. అసలు ఆ జాబితా బీబీసీది కూడా కాదు. 2007లో ప్రపంచ పుస్తక దినోత్సవం సందర్భంగా ‘ఇవి లేకుండా ఉండలేం అనిపించే పుస్తకాలేవి?’ అని అడిగితే బ్రిటన్‌లో రెండు వేల మంది దాకా చెప్పిన పేర్లవి. గార్డియన్ పత్రిక వాటిని ప్రచురించింది. బీబీసీ పేరు వాటికి తగులుకోవడానికి కారణం అంతకు నాలుగేళ్ల ముందు, 2003లో, ఆ సంస్థ ‘బిగ్ రీడ్’ పేరుతో నడిపిన పెద్ద ఓటింగ్ అయి ఉండాలి. దానికి ఏడున్నర లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి.

మీ చేతిలో ఉన్నది ఏదో తేల్చుకోవడం తేలిక. మొదటి స్థానంలో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ఉంటే 2007ది, ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ ఉంటే 2003ది. ఇంకో గుర్తు బైబిల్. 2003 ఓటింగ్ నవలలకే కాబట్టి బైబిల్, షేక్‌స్పియర్ అందులో ఉండవు. 2007 జాబితాలో రెండూ ఉన్నాయి.

ఈ 2007 జాబితాతో లెక్క వేస్తే ఒక చిక్కు వస్తుంది. షేక్‌స్పియర్ సమగ్ర రచనలు ఒక అంశం, ‘హామ్లెట్’ మళ్లీ విడిగా ఇంకో అంశం. ‘నార్నియా’ ఏడు పుస్తకాలూ కలిపి ఒక అంశం, అందులోదే అయిన ‘ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్’ మరో అంశం. అంటే హామ్లెట్ ఒక్కటే చదివినవారికి ఒక మార్కు వస్తుంది. హామ్లెట్ తప్ప మిగతా నాటకాలన్నీ చదివినవారికి ఏమీ రాదు. మీ పదకొండులో ఇలాంటి జంటలు ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే రెండింటినీ కలిపి ఒకటిగానే వేసుకోండి.

ప్రశ్న: తెలుగులో నాలుగైదు వందల నవలలు చదివాను. బిగ్ రీడ్ జాబితాలో మాత్రం నాలుగే వచ్చాయి. మా అబ్బాయికి ముప్పై దాటాయి. నేను చదివింది చదువే కాదన్నట్టు అనిపించింది.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పార్వతీపురం

జవాబు: మాస్టారూ, ఆ జాబితా లోపలికి వెళ్లి చూస్తే మీ బాధకు కారణం లేదని తెలుస్తుంది. వందలో ఇంగ్లిష్ కాని భాషల నుంచి అనువాదమై వచ్చినవి ఎనిమిదే. టాల్‌స్టాయ్‌వి రెండు, మార్క్వెజ్‌వి రెండు, దోస్తొయెవ్‌స్కీ, డ్యూమా, ఫ్రెంచి అత్తరు కథతో పేరు తెచ్చుకున్న జర్మన్ రచయిత జ్యూస్కిండ్, ‘ఆల్కెమిస్ట్’ రాసిన పాలో కొయిలో: వీరివి ఒక్కొక్కటి. భారతీయ రచయితలకు దక్కినవి మూడు చోట్లు. 55వ స్థానంలో విక్రమ్ సేఠ్, 85లో అరుంధతీ రాయ్, సరిగ్గా వందో స్థానంలో సల్మాన్ రష్దీ. మూడూ ఇంగ్లిష్‌లో రాసినవే. తెలుగు, బెంగాలీ, తమిళం, హిందీ, ఏ భారతీయ భాషా రచనకూ అందులో చోటు లేదు.

ఇంకోవైపు చూడండి. డికెన్స్‌వి ఐదు. టెర్రీ ప్రాచెట్‌వి, ఒకటి ఇంకొకరితో కలిసి రాసినదైనా, ఐదు. రోల్డ్ డాల్‌వి నాలుగు, జాక్వెలిన్ విల్సన్‌వి నాలుగు, హ్యారీ పోటర్లు నాలుగు. వందలో ఇరవై రెండు చోట్లు ఐదుగురు రచయితలవే, అందులోనూ సగానికి పైగా పిల్లల పుస్తకాలు. హ్యారీ పోటర్ ఐదో భాగం ఎందుకు లేదంటే, మొదటి వంద పేర్లు 2003 మేలో ప్రకటించారు, ఆ పుస్తకం విడుదలైంది జూన్‌లో. ఓటు వేసిన బ్రిటిష్ పాఠకులు చిన్నప్పుడు ఇంట్లో ఏం చదువుకున్నారో ఆ జాబితా చక్కగా చెబుతుంది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన మీ అబ్బాయి బాల్యానికి అది కొంత దగ్గర, మీ బాల్యానికి దూరం.

అయినా దాన్ని పట్టుకుని ముందుకు వెళ్లాలనుకుంటే ఇలా చేయండి. వందలో తెలుగులోకి వచ్చినవి ముందు విడదీయండి. స్టీవెన్‌సన్ ‘ట్రెజర్ ఐలాండ్’ నవలను ‘కాంచనద్వీపం’గా నండూరి రామమోహనరావు ఎంత ఇంపుగా తెచ్చారో చదివితేనే తెలుస్తుంది. కొయిలో పుస్తకం ‘పరుసవేది’గా దొరుకుతుంది. టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’గా వచ్చారు. ఇలా తేలినవాటిలో మీరెన్ని చదివారో చూసుకోండి. మీకు సంబంధించినంతవరకు అదే సరైన లెక్క.

ప్రశ్న: ‘చదివాను’ అని దేన్ని అనాలి? సగం చదివినవి, సినిమాగా చూసినవి, పాఠ్యపుస్తకంలో ఒక ముక్క చదివినవి ఉంటాయి కదా. స్నేహితులం నలుగురం లెక్క వేసుకుంటే ఎవరి పద్ధతి వారిదైంది.
— డిగ్రీ విద్యార్థినులు, నల్లగొండ

జవాబు: లెక్క మొదలుపెట్టాక నియమం పెట్టుకుంటే ప్రతి పుస్తకం దగ్గరా వాదన వస్తుంది. ముందే కాగితం మీద రాసుకోండి. కొన్నేళ్లపాటు చిట్టా రాసేవారికి నిలబడే పద్ధతి ఇది.

ఒక నోటుపుస్తకంలో ఐదు గళ్లు గీయండి: పుస్తకం, రచయిత (అనువాదమైతే అనువాదకులు కూడా), గుర్తు, చదివిన సంవత్సరం, ప్రచురణ వివరం. గుర్తులు నాలుగు చాలు. చివరి పేజీ దాకా చదివితే ‘పూ’. మధ్యలో ఆపితే ‘స’, పక్కన ఆపిన పేజీ నంబరు. కుదించిన ప్రతి చదివితే ‘సం’. చదివినట్టే ఉంది గాని గుర్తు లేకపోతే ప్రశ్నార్థకం. ఫలితం చెప్పేటప్పుడు ఒకే అంకెగా కలపకండి. ‘వందలో 31 పూర్తి, 6 సగం, 4 సంక్షిప్తం’ అని చెప్పాలి. దాన్నే 41 అంటే అందులో పది పూర్తిగా చదవనివే.

తగువులు ఎక్కడ వస్తాయంటే:

ఒకటి, భాగాలుగా వచ్చినవి. ‘బారిష్టర్ పార్వతీశం’ మూడు భాగాలు. చాలామంది చదివేది మొదటిదే, ఇంగ్లండు ప్రయాణం దాకా. జాబితాలో భాగం సంఖ్య లేకుండా పేరొక్కటే ఉంటే మూడూ చదివితేనే ‘పూ’. ఇది కఠినంగా అనిపించవచ్చు. కానీ మొక్కపాటివారి మిగతా రెండు భాగాల వైపు ఎవరూ వెళ్లకపోవడానికి ఈ ‘చదివేశాం’ అనే భ్రమే ఒక కారణం.

రెండు, కూర్పులు. ‘కన్యాశుల్కం’ మొదట 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని తిరగరాసి బాగా పెంచి 1909లో రెండో కూర్పుగా ఇచ్చారు. నేడు దుకాణాల్లో మామూలుగా దొరికేది ఆ రెండోదే, జాబితాలు ఉద్దేశించేదీ అదే. ప్రచురణ వివరాల పేజీ చూసి ఏదో నోటుపుస్తకంలో రాసుకోండి.

మూడు, సినిమాలూ నాటకాలూ. 1955 నాటి ‘కన్యాశుల్కం’ సినిమా చూసినవారికి గిరీశం, మధురవాణి బాగా తెలిసినవారే. అయినా అది లెక్కలోకి రాదు. రంగస్థలం మీద చూసినా ఇంతే, ఎందుకంటే పూర్తి నాటకం చాలా పెద్దది కాబట్టి కుదించే ఆడతారు. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ నవల ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది. సినిమా చూసినవారు నవల తెరిస్తే అందులోని ఇందిర వేరే మనిషిగా కనిపిస్తుంది.

నాలుగు, కథా సంపుటాలు. ‘అమరావతి కథలు’లో వంద కథలున్నాయి. వాటిలో పదీ పదిహేను అక్కడక్కడా చదివినవారు మనలో వేలమంది ఉంటారు. వందా అయితేనే ‘పూ’. లేకపోతే ‘స’ రాసి పక్కన కథల సంఖ్య వేయండి. కవిత్వానికీ ఇదే వర్తిస్తుంది. ‘మరో ప్రపంచం’ పంక్తులు నోటికి వచ్చినంత మాత్రాన ‘మహాప్రస్థానం’ చదివినట్టు కాదు. కానీ అది చిన్న పుస్తకం, చలం రాసిన ‘యోగ్యతాపత్రం’తో సహా ఒక సాయంత్రంలో పూర్తవుతుంది. ఆ గడిలో ‘స’ మిగలనివ్వకండి.

అయిదు, అనువాదాలు. అనువాదం చదివితే చదివినట్టే. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఇంగ్లిష్ పాఠకులు కూడా టాల్‌స్టాయ్‌ని అనువాదంలోనే చదివి టిక్కు పెడుతున్నారు. అయితే అనువాదం పూర్తిదా, సంక్షిప్తమా అన్నది చూడాలి. సహవాసి తెచ్చిన ‘ఏడుతరాలు’ గొప్ప తెలుగు పుస్తకం, అలెక్స్ హేలీ మూలానికి సంక్షిప్త రూపం. తెలుగు పుస్తకాల జాబితాలో దానికి ‘పూ’ వేయండి. ప్రపంచ పుస్తకాల జాబితాలో ‘రూట్స్’ పేరు ఎదురుగా ‘సం’ వేయండి.

పూర్తి పాఠాన్ని చదివి వినిపించే ఆడియో పుస్తకం వింటే ‘పూ’. ఇరవై నిమిషాల్లో కథ చెప్పే వీడియో చూస్తే ఏ గుర్తూ లేదు.

ప్రశ్న: ముప్పై ఏళ్ల కిందట అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని చదివినవి ఎన్నో. పేరు గుర్తుంది, కథ లేదు. వేసుకోవచ్చా?
— ఒక గృహిణి, కరీంనగర్

జవాబు: వేసుకోవచ్చండీ. మరచిపోతే చదవనట్టు కాదు. ప్రశ్నార్థకం పెట్టి, పుస్తకం దొరికినప్పుడు మధ్యలో ఎక్కడో తెరిచి రెండు పేజీలు చదవండి. పాత్రల పేర్లు, తర్వాత జరగబోయేది కొంతైనా తడితే ‘పూ’గా మార్చుకోండి. ఏమీ తట్టకపోతే మళ్లీ చదవడానికి మంచి సాకు దొరికినట్టే.

ప్రశ్న: పాఠకులు ఎంచిన జాబితా, పండితులు ఎంచిన జాబితా ఎందుకంత వేరుగా ఉంటాయి? దేన్ని నమ్మాలి?
— బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఈ తేడా స్పష్టంగా కనిపించిన సందర్భం 1998లో అమెరికాలో వచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు వంద ఉత్తమ ఇంగ్లిష్ నవలలంటూ మోడరన్ లైబ్రరీ ప్రచురణ సంస్థ తన సలహామండలి చేత ఒక జాబితా చేయించింది. అదే సమయంలో ఇంటర్నెట్‌లో పాఠకుల ఓటింగూ పెట్టింది. మండలి జాబితాలో మొదటిది జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’. పాఠకుల జాబితాలో మొదటిది అయిన్ రాండ్ ‘అట్లాస్ ష్రగ్డ్’. అక్కడితో ఆగలేదు. పాఠకుల మొదటి పదిలో నాలుగు అయిన్ రాండ్‌వి, మూడు సైంటాలజీ అనే మత ఉద్యమ స్థాపకుడు హబ్బర్డ్‌వి. పదిలో ఏడు ఇద్దరివే. ఎవరు కావాలంటే వారు మళ్లీ మళ్లీ వేయగల ఓటింగులో, ఒక రచయితకు పట్టుదలగల అభిమాన బృందం ఉంటే ఇలాగే అవుతుంది.

అలాగని మండలి జాబితా కల్మషం లేనిదనీ కాదు. పదిమంది కూర్చుని ఎంచితే వారి తరం, వారి చదువు, వారి మొహమాటాలు అందులోకి వస్తాయి. మా దృష్టిలో జాబితాను నమ్మే ముందు నాలుగు విషయాలు చూడాలి. ఓటు వేసింది ఎవరు, ఎంతమంది? ముందే పేర్లిచ్చి వాటిలో ఎంచమన్నారా, ఏ పేరైనా చెప్పమన్నారా? ఒక రచయితకు ఎన్ని చోట్లని పరిమితి ఉందా? అడిగిన ప్రశ్న ఏమిటి?

చివరిది చాలా ముఖ్యం. 1999లో ఫ్రాన్స్‌లో లె మోండ్ పత్రిక నడిపిన ఓటింగులో పదిహేడు వేలమంది పాల్గొన్నారు. వారిని ‘ఉత్తమమైనవి ఏవి?’ అని అడగలేదు, ‘మీ జ్ఞాపకంలో నిలిచిన పుస్తకాలేవి?’ అని అడిగారు. మొదటిది కామూ ‘అపరిచితుడు’. కానీ అక్కడ రెండువందల పేర్ల జాబితా ముందే ఇచ్చారు. అందులో లేని పుస్తకం ఎంత నచ్చినా చెప్పే వీలు లేదు. 2018లో అమెరికాలో పీబీఎస్ అనే టీవీ సంస్థ నడిపిన ఓటింగులో ఒక రచయితకు ఒకటే చోటు, ఎన్ని భాగాలున్నా సిరీస్ మొత్తం ఒకటే పుస్తకం. అందుకే అక్కడ హ్యారీ పోటర్ అంతా కలిసి ఒక్క గడిలో ఉంది, బిగ్ రీడ్‌లో నాలుగు గళ్లు పట్టింది. ఆ సిరీస్ చదివిన పిల్లవాడికి ఒకచోట ఒకటి, ఇంకోచోట నాలుగు.

ప్రశ్న: మా శాఖా గ్రంథాలయంలో సభ్యులు మూడు వందల దాకా ఉన్నారు. వారికి నచ్చిన పుస్తకాల జాబితా తయారుచేసి, తర్వాత వాటిలో ఎవరు ఎన్ని చదివారో తెలుసుకోవాలనుకుంటున్నాం. ఎలా నడపాలి?
— గ్రంథాలయ మిత్రబృందం, భీమవరం

జవాబు: మంచి పని తలపెట్టారు. తెలుగులో ఇలాంటివి ఊరూరా జరగాలి. ఓటింగు, లెక్కింపు రెండు వేర్వేరు దశలు. మధ్యలో కనీసం నెల విరామం ఇవ్వండి.

మొదట చీటీ. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క సరిపోతుంది. మూడు వందల మందికి 75 కాగితాలు, పాడయ్యేవాటికి మరో పది. మనిషికి ఐదు పుస్తకాలే అడగండి. పది అడిగితే ఆరోదాని నుంచి నిజంగా నచ్చినవి అయిపోయి, రాయకపోతే బాగుండదనిపించే పెద్ద పేర్లు మొదలవుతాయి. వరుసక్రమం అడగవద్దు, ఐదింటికీ తలా ఒక ఓటు. ప్రశ్న ఇలా ఉండాలి: ‘మీరు చివరిదాకా చదివి, బాగా నచ్చిన ఐదు తెలుగు పుస్తకాలు (అనువాదాలు కూడా), రచయిత పేరుతో.’ ‘గొప్ప పుస్తకాలు’ అని రాయకండి. ఆ మాట చూడగానే పాఠకులు తమ ఇష్టాన్ని పక్కనపెట్టి పరీక్షకు జవాబు రాసినట్టు రాస్తారు. నమూనా పేర్లు కూడా ఇవ్వకండి, ఇస్తే అవే తిరిగి వస్తాయి.

చీటీ అంచున చింపే భాగంలో సభ్యత్వ సంఖ్య రాయించండి. పెట్టెలో వేసేముందు ఆ భాగం చింపి రిజిస్టరులో టిక్కు పెడితే ఎవరు రెండుసార్లు వేశారో తెలుస్తుంది, ఎవరు ఏం రాశారో తెలియదు. మూడు వారాలు గడువు చాలు. ఆ మూడింటిలో కనీసం రెండు ఆదివారాలు గ్రంథాలయం తెరిచి ఉండేలా చూసుకోండి, లేకపోతే ఉద్యోగస్తుల చీటీలు రావు.

అసలు శ్రమ పేర్లను శుభ్రం చేయడంలో ఉంది. ‘చివరకు మిగిలేది’, ‘చివరికి మిగిలేది’ ఒకటే పుస్తకమని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. ఎక్సెల్‌లో ఎక్కించే ముందు ప్రతి పుస్తకానికీ ఒక ప్రామాణిక రూపం నిర్ణయించండి. ‘రామాయణం’ అని మాత్రమే రాసిన చీటీలు తప్పకుండా వస్తాయి. అది మొల్లదా, విశ్వనాథ ‘కల్పవృక్షమా’, ఉషశ్రీ వచనమా, రంగనాయకమ్మ ‘విషవృక్షమా’ అన్నది రచయిత పేరు లేకుండా తేలదు. ఒక్కోటి ఒక్కో లోకం. అందుకే చీటీలో రచయిత గడి తప్పనిసరి. ‘యండమూరి నవలలన్నీ’ వంటి జవాబులను ఓటుగా తీసుకోకండి, వేరే కాగితం మీద రాసిపెట్టండి. కొత్త పుస్తకాలు కొనేటప్పుడు పనికొస్తాయి. లెక్కను ఇద్దరు విడివిడిగా వేసి పోల్చి చూడాలి. తేడా వస్తే ఆ పుస్తకం చీటీలు మాత్రం మళ్లీ లెక్కించండి.

నూట యాభై చీటీలు వస్తే 750 ఓట్లు. వాటిలో చాలా పుస్తకాలకు ఒకటే ఓటు ఉంటుంది. మూడు ఓట్ల కంటే తక్కువ వచ్చినవాటికి స్థానం ఇవ్వకండి, అక్షరక్రమంలో అనుబంధంగా ఇవ్వండి. ఆ గీత పైన నలభై మూడే మిగిలితే జాబితా నలభై మూడే. వంద చేయాలని ఒక్క ఓటు పుస్తకాలను లాక్కొస్తే 60వ స్థానానికీ 100వ స్థానానికీ తేడా ఉండదు. ఓట్లు సమానమైతే ఒకే స్థానం ఇచ్చి తర్వాతి అంకె వదిలేయండి. రచయితకు పరిమితి పెట్టాలా వద్దా అన్నది చీటీలు పంచేముందే ప్రకటించాలి. ఫలితం చూశాక పెడితే ఎవరో ఒకరిని తప్పించడానికే పెట్టారంటారు. మా సలహా: పరిమితి పెట్టకండి, ఉన్నది ఉన్నట్టు కనబడనివ్వండి.

ఇక రెండో దశ. తేలిన జాబితాను అచ్చువేసి, చదివినవాటికి టిక్కు పెట్టమనండి. ఇక్కడ జరిగే తప్పు ఎక్కువ చెప్పుకోవడం. అబద్ధమాడాలని కాదు. పేరు బాగా విన్న పుస్తకం చదివినట్టే తోస్తుంది. దీనికి పరిశోధకులు వాడే ఉపాయం ఒకటుంది. 1989లో స్టానోవిచ్, వెస్ట్ రూపొందించిన రచయితల గుర్తింపు పరీక్షలో నిజమైన రచయితల మధ్య రచయితలు కానివారి పేర్లు కలిపారు. మీరూ నలభై పేర్ల మధ్య లేని పుస్తకాలు నాలుగు కల్పించి చేర్చండి. పేర్లు నమ్మదగినట్టు ఉండాలి. ఎక్కడైనా అలాంటి పుస్తకం నిజంగా ఉందేమో ముందే వెతికి చూసుకోవాలి. రెండు అంతకు మించి కల్పిత పేర్లకు టిక్కు పెట్టిన కాగితాలను లెక్కలోంచి తీసేయండి. పని అయ్యాక ఆ నాలుగూ కల్పితమని అందరికీ చెప్పండి. ఎవరి కాగితం ఏదో మాత్రం బయటపెట్టకండి, పెడితే వచ్చే ఏడు ఎవరూ ముందుకు రారు.

ఫలితాన్ని సగటుతో చెప్పవద్దు. తొమ్మిది మంది 3, 4, 5, 6, 7, 8, 9, 12, 46 అని చెప్పారనుకోండి. మొత్తం 100, సగటు 11 దాటింది. కానీ తొమ్మిది మందిలో ఏడుగురు దానికి కిందే ఉన్నారు. అందరినీ వరుసగా నిలబెట్టి మధ్య మనిషి అంకె, అంటే 7, చెబితే మీ గ్రంథాలయ పాఠకుడి అసలు స్థితి తెలుస్తుంది. దీనికంటే ఉపయోగపడేది పుస్తకం వారీ లెక్క. ఓట్లలో పైన ఉండి చదివినవారు తక్కువ ఉన్న పుస్తకం ఉంటే, చదివిన కొద్దిమందీ దాన్ని గాఢంగా ప్రేమించారన్నమాట. దానివి ఇంకో మూడు ప్రతులు కొనండి.

ప్రశ్న: తెలుగులో తప్పక చదవాల్సినవంటూ చెప్పే పుస్తకాల్లో ఇరవై ఏడాదిలో పూర్తిచేయాలని ఉంది. ప్రతిసారీ మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతున్నాను.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: జాబితాను పైనుంచి కిందికి చదవడం. చాలా జాబితాలు కాలక్రమంలో ఉంటాయి కాబట్టి మొదట వచ్చేది 1878 నాటి కందుకూరి ‘రాజశేఖర చరిత్రము’, తర్వాత ‘మాలపల్లి’, ఆపైన ‘వేయిపడగలు’. గ్రాంథికం అలవాటు లేని కంటికి మొదటిదే గోడ. దాన్ని చివరికి పెట్టండి.

ముందు మీ వేగం కొలవండి. మామూలు వచనం ఇరవై నిమిషాలు చదివి పేజీలు లెక్కపెట్టండి. పన్నెండు వస్తే గంటకు 36, రోజుకు అరగంట చొప్పున 18. ఏడాదిలో 300 రోజులు చదివితే 5,400 పేజీలు. సగటున 250 పేజీల పుస్తకాలు ఇరవై అంటే 5,000. సరిపోతుంది, కానీ ‘వేయిపడగలు’ వంటిది ఒక్కటి చేరితే లెక్క తప్పుతుంది. అది కొన్ని ముద్రణల్లో వెయ్యి పేజీల దాకా పోతుంది, ఒక్కదానికే దాదాపు రెండు నెలలు పడుతుంది. దాన్ని ఇరవైలో కలపకుండా విడిగా మరో ఏడాదికి పెట్టుకోండి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో దానితో బహుమతి పంచుకున్న అడవి బాపిరాజు ‘నారాయణరావు’ను ముందు చదవండి. ఆ కాలపు జీవితం, మాట తీరు కొంత అలవాటవుతాయి.

మొదలు ‘కాలాతీత వ్యక్తులు’తో పెట్టండి. 1957లో ధారావాహికగా వచ్చినా సంభాషణలు నిన్న రాసినట్టుంటాయి. తర్వాత చిన్నవి: కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’, చలం ‘మైదానం’. ఇవి రెండు మూడు కూర్చోవడాల్లో అవుతాయి. ఆపైన రావిశాస్త్రి ‘అల్పజీవి’, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. ఈ మూడూ మనిషి మనసులోపల జరిగే కథలు. వరుసగా చదివితే ఊపిరాడదు. మధ్యమధ్య ‘అమరావతి కథలు’లోవి నాలుగైదు, లేదా చిలకమర్తి ‘గణపతి’ పెట్టుకోండి. కోస్తా వచనానికే అలవాటుపడినవారికి దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో తెలంగాణ పలుకుబడి, ఉర్దూ మాటలు మొదట కొత్తగా ఉంటాయి. మొదటి పది పేజీలు పైకి చదవండి. చెవికి పట్టాక కంటికి అడ్డు ఉండదు. తెలంగాణ పాఠకులకు ‘అల్పజీవి’లోని విశాఖ మాటకు ఇదే మందు.

పుస్తకం కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. అట్ట మీదో లోపలి పేజీలోనో ‘సంక్షిప్త’ అన్న మాట ఉందేమో చూడండి, ముఖ్యంగా పెద్ద నవలల విషయంలో. రెండోది, పేజీ నంబర్లు గబగబా తిప్పి చూడండి. పుస్తకాలు పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతాయి కాబట్టి బైండింగులో పొరపాటు జరిగితే పదహారు పేజీలు ఒక్కసారిగా మాయమవుతాయి, లేదా రెండుసార్లు వస్తాయి. షాపులోనే చూసుకుంటే మార్చి ఇస్తారు. దుకాణాల్లో దొరకనివాటికి హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞానకేంద్రం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, వేటపాలెం సారస్వత నికేతనం ఉన్నాయి. పాత పుస్తకాల స్కానులు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో చాలా దొరుకుతాయి. అయితే కొన్నింటిలో పేజీలు తప్పిపోయి ఉంటాయి, మొదలుపెట్టే ముందే చివరిదాకా తిప్పి చూసుకోండి.

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు. ఇంగ్లిష్ జాబితాల్లో ఇరవై ఏడు చదివేసింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. తెలుగు జాబితాలో సున్నా.
— ఒక తల్లి, డల్లాస్

జవాబు: మీరు చదివి వినిపించండమ్మా. పుస్తకం పూర్తిగా వింటే పైన చెప్పిన లెక్క ప్రకారం అది ‘పూ’నే. మొదట తనకు ఇంగ్లిష్‌లో కథ తెలిసినదే తీసుకోండి. నండూరివారి ‘కాంచనద్వీపం’, ‘టామ్ సాయర్’ ఇందుకు బాగా పనికొస్తాయి. తెలియని మాట వచ్చినా కథ తెలుసు కాబట్టి ఆగదు. రోజుకు పదిహేను నిమిషాలు చాలు, మాటల అర్థం చెప్పడానికి పేజీకి రెండుసార్లకు మించి ఆగకండి. తర్వాత ‘అమరావతి కథలు’. ఒక్కోటి మూడు నాలుగు పేజీలే కాబట్టి రాత్రికొకటి అవుతుంది. మీరు ముందుగా చదివి, తన వయసుకు తగినవి ఎంచుకోండి. అక్షరాలు నేర్పడం విడిగా సాగనివ్వండి, కథ వినే సమయంలో కలపకండి. పాప నోటుపుస్తకంలో ‘పూ’ పక్కన ‘విన్నది’ అని రాయించండి. తెలుగులో తాను రాసే మొదటి మాటల్లో అదొకటవుతుంది.